కండెన్సర్ నీళ్ళు తాగునీటి లైనులోకి వెనక్కి రాకుండా ఒక్క ఎన్‌ఆర్‌వీ (నీళ్ళని ఒక వైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు) సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. భీమవరం దగ్గర రోజుకి 20 టన్నుల ఐసు తీసే అమోనియా ప్లాంటు మీది. వేడి అమోనియా గ్యాసుని నీళ్ళతో చల్లబరిచి ద్రవంగా మార్చే షెల్ అండ్ ట్యూబ్ కండెన్సర్, ఆ నీళ్ళని మళ్ళీ చల్లబరచడానికి ఒక కూలింగ్ టవర్. బోరు నీళ్ళు ఉప్పన కావడంతో ట్యూబుల్లో స్కేలు (సున్నపు పొర) కట్టి హెడ్ ప్రెషర్ (కండెన్సర్‌లో అమోనియా ప్రెషర్) పెరిగిపోతోందని, టవర్ మేకప్‌కి (ఆవిరైపోయిన నీళ్ళ బదులు పోసే నీళ్ళకి) మునిసిపల్ కుళాయి లైను కలిపారు. పంపు చెడిపోయిన రోజు ఆదుకుంటుందని అదే లైను నుంచి కండెన్సర్ ఇన్‌లెట్‌కి ఒక బైపాస్ కూడా ఇచ్చారు. వర్కర్లు తాగే కుళాయి కూడా ఆ లైను మీదే ఉంది. ప్లంబరేమో ‘ఒక ఎన్‌ఆర్‌వీ వేస్తే చాలు’ అంటున్నాడు. అది చాలుతుందా అని అడిగారు.

చాలదండీ. ఎన్‌ఆర్‌వీ వేస్తే వేయండి గానీ దాన్ని నమ్ముకోకండి. ముందు ఆ బైపాస్‌ని తీసేయండి. వాల్వు కట్టేస్తే చాలదు, పైపు ముక్క విప్పి రెండు వైపులా డమ్మీ (మూత) కొట్టాలి. తర్వాత మేకప్ నీళ్ళు ఒక చిన్న ట్యాంకులోకి పైనుంచి గాల్లోంచి పడేలా చేసి, టవర్‌కి ఆ ట్యాంకు నుంచి ఇవ్వండి. కుళాయి పైపు మూతికీ ట్యాంకులో నీళ్ళకీ మధ్య కంటికి కనిపించే ఖాళీ ఉండాలి. దీన్నే ఎయిర్ గ్యాప్ అంటారు. ఇందులో అరిగిపోయేది, ఇరుక్కుపోయేది, స్ప్రింగు విరిగేది ఏమీ లేదు. ఒక 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, ఒక బాల్ కాక్ (ట్యాంకు నిండగానే కుళాయిని మూసే తేలే బంతి వాల్వు), నాలుగు ఫిట్టింగులు, ఒక పూట పని.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో చెప్తాను. నేను కాకినాడలో ఐస్ ప్లాంటు హెల్పరుగా మొదలుపెట్టి, తర్వాత రొయ్యల ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చూస్తూ 26 ఏళ్ళు అమోనియా వాసనలోనే గడిపాను. ఈ తప్పు నేనూ ఒకసారి చేశాను, అది కిందికి వస్తుంది.

నీళ్ళు వెనక్కి వెళ్ళడానికి రెండు దారులు. ఒకటి కుళాయి లైను లాక్కోవడం, రెండోది మన వైపు నుంచి నెట్టడం.

లాక్కోవడం గురించి బయటి దేశాల పుస్తకాల్లో చదివితే ఎప్పుడో మెయిన్ పగిలినప్పుడో, ఫైరింజను వచ్చి నీళ్ళు తోడినప్పుడో జరిగేది అన్నట్టు రాస్తారు. అక్కడ లైనులో 24 గంటలూ ప్రెషర్ ఉంటుంది కాబట్టి వాళ్ళకి అది నిజమే. మన ఊళ్ళలో అలా కాదు. చాలాచోట్ల రోజుకి గంటో రెండు గంటలో వదులుతారు, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. వదలడం ఆపగానే పైపులో నీళ్ళు పల్లానికి జారిపోతాయి, మిట్టన ఉన్న కనెక్షన్లలో వాక్యూమ్ వస్తుంది. దానికి తోడు వీధిలో సగం ఇళ్ళవాళ్ళు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తారు. అలా పెట్టకూడదని అందరికీ తెలుసు, అయినా పెడతారు. ఆ మోటారు తన ఇంటి నీళ్ళే లాగుతుందా? లైనులో నీళ్ళు సరిపోకపోతే పక్కింటి పైపులోంచీ, మీ టవర్ బేసిన్‌లోంచీ లాగుతుంది. అమెరికాలో ఎప్పుడో గానీ రాని పరిస్థితి మనకి రోజూ వస్తుందన్నమాట.

రెండోది నెట్టడం. మన మునిసిపల్ లైన్లు చాలావరకు ఒక అంతస్తు ఇళ్ళకి చివర్న 7 మీటర్ల నీటి ఎత్తు ఉండేలా లెక్క వేసి కట్టినవే. అంటే సుమారు 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత, చదరపు అంగుళానికి పౌండ్లు). అది నీళ్ళు వదిలినప్పటి సంగతి, మిగతా సమయంలో సున్నా. మీ కండెన్సర్ పంపు డెలివరీలో గేజి చూడండి, 25 నుంచి 30 పీఎస్ఐ దాకా ఉంటుంది. ఇప్పుడు ఆ బైపాస్ లైనుని ఊహించుకోండి. ఒక వైపు 30, రెండో వైపు 10 లేదా సున్నా. మధ్యలో ఆపేది ఒక గేట్ వాల్వు, ఒక ఎన్‌ఆర్‌వీ.

మూడో అంకె కూడా చూడండి. కండెన్సర్‌లో అమోనియా 35 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంటే హెడ్ గేజి దాదాపు 180 పీఎస్ఐ చూపిస్తుంది. 40 డిగ్రీలకి వెళ్తే 210. ట్యూబుల్లో నీళ్ళు, బయట షెల్‌లో అమోనియా. ఒక ట్యూబు పుచ్చినా, ట్యూబ్ షీటు (ట్యూబుల కొసలు బిగించిన పలక) దగ్గర బిగింపు వదులైనా 180 వైపు నుంచి 30 వైపుకి అమోనియా దూరుతుంది. నీళ్ళలో అమోనియా చాలా తేలిగ్గా కలిసిపోతుంది, కాబట్టి బుడగలు కూడా కనిపించవు. ఆ నీళ్ళు టవర్‌కి వెళ్ళి కొంత గాల్లో కలిసిపోతుంది, మిగిలింది తిరుగుతూనే ఉంటుంది. అమోనియా బదులు ఫ్రియాన్ గ్యాసు వాడే ప్లాంటయినా వరస ఇదే. ఆర్-22 అయితే 40 డిగ్రీల దగ్గర 200 పీఎస్ఐ పైనే, ఆర్-404ఏ ఇంకా ఎక్కువ.

లీకు లేకపోయినా టవర్ నీళ్ళు తాగే నీళ్ళు కావు కదా. స్కేలు పట్టకుండా వేసే మందు, పాచి చావడానికి వేసే మందు, దుమ్ము, పక్షుల రెట్టలు, బ్యాక్టీరియా, అన్నీ అందులోనే.

ఎన్‌ఆర్‌వీ ఎందుకు చాలదంటే, అది మూసుకోవాలంటే దాని సీటు (లోపలి ఫ్లాపు ఆనుకునే చోటు) శుభ్రంగా ఉండాలి. మన కుళాయి నీళ్ళలో ఇసుక రేణువు, తుప్పు పెచ్చు, పైపు కోసినప్పుడు పడ్డ టేపు ముక్క, ఏదో ఒకటి వచ్చి సీటు మీద కూర్చుంటుంది. మీది స్కేలు కట్టే లైను కాబట్టి ఆరు నెలల్లో ఫ్లాపు మీద సున్నం పేరుకుంటుంది. పైగా అది పాస్ అవుతోందని, అంటే మూసినా నీళ్ళు వదులుతోందని, బయటికి తెలియదు. గేట్ వాల్వు సంగతి సరేసరి. ఏడాదికోసారి తిప్పే గేట్ వాల్వు పూర్తిగా మూసుకున్నది నేను ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు నా కేసు. ఒక రొయ్యల ఫ్యాక్టరీలో, పేరెందుకు లెండి, అచ్చం మీలాంటి బైపాసే ఉండేది. దాన్ని పెట్టించింది నేనే, ‘పంపు పోతే ప్లాంటు ఆగకూడదు’ అని. ఎన్‌ఆర్‌వీ, గేట్ వాల్వు రెండూ వేయించాను. రెండేళ్ళ తర్వాత క్యాంటీన్‌లో ఇత్తడి కుళాయి చుట్టూ సింకు మీద నీలం మరక కడుతోందని వంటావిడ చెప్పింది. తుడిస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. ఎవరో ఫినాయిల్ పోస్తున్నారేమో అనుకున్నాం. పది రోజులు అలాగే గడిచిపోయాయి. ఒక ఆదివారం నేను అక్కడ టీ తాగుతుంటే చప్పున వెలిగింది. అమోనియా రాగినీ ఇత్తడినీ తినేస్తుంది, అందుకే కదా మన ప్లాంటులో అన్నీ ఇనప పైపులు వేస్తాం. రాగి కరిగితే వచ్చే రంగు ఆ నీలమే. పీహెచ్ పేపరు తెచ్చి ముంచితే 9 దాటి చూపించింది. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 6.5 నుంచి 8.5 లోపు ఉండాలి, అమోనియా లీటరుకి 0.5 మిల్లీగ్రాము మించకూడదు.

ట్యూబులు రెండు లీకు. గేట్ వాల్వు పాస్. ఎన్‌ఆర్‌వీ విప్పితే ఫ్లాపు సగం తెరుచుకుని సున్నంతో బిగుసుకుపోయి ఉంది, స్క్రూడ్రైవరుతో కొడితే గానీ కదల్లేదు. మూడూ ఒకేసారి చెడిపోతాయా అంటారు. ఒకేసారి చెడిపోలేదు, ఒకదాని తర్వాత ఒకటి చెడిపోయి మూడోదాని కోసం ఎదురు చూస్తున్నాయి. మొదటి రెండు చెడిపోయినట్టు మాకు ఎవరు చెప్తారు? అదృష్టం, వాసనకి జనం అప్పటికే ఆ కుళాయి వదిలేసి క్యాన్ల నీళ్ళు తాగుతున్నారు.

ఇక ఎయిర్ గ్యాప్ ఎలా పెట్టాలో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పెట్టామనుకుంటారు గానీ సగం చోట్ల తప్పు పెడతారు.

కుళాయి పైపు లోపలి వ్యాసానికి రెండింతలు ఖాళీ ఉండాలి, ఎంత చిన్న పైపయినా కనీసం ఒక అంగుళం. ఒక అంగుళం పైపయితే రెండంగుళాలు. పైపు మూతి ట్యాంకు గోడకి మరీ దగ్గరగా ఉంటే మూడింతలు ఇవ్వండి, ఎందుకంటే గోడ వెంబడి నీళ్ళు పైకి లాగబడతాయి. ఈ ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలన్నదే అసలు తిరకాసు. రోజూ ఉండే నీటిమట్టం నుంచి కాదు. ఓవర్‌ఫ్లో పూడుకుపోయి నీళ్ళు ట్యాంకు అంచు దాకా నిండితే ఎక్కడికి వస్తాయో అక్కడి నుంచి. ఓవర్‌ఫ్లో పైపు ఇన్‌లెట్ కన్నా పెద్ద సైజు వేయండి. అంగుళం ఇన్‌లెట్‌కి రెండంగుళాల ఓవర్‌ఫ్లో వేసి, దాని మూతికి దోమల జాలీ కట్టండి.

టవర్ బేసిన్‌లో ఉన్న బాల్ కాక్‌నే ఎయిర్ గ్యాప్ అనుకోవద్దు. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) టవర్ల బేసిన్ లోతు తక్కువ, బాల్ కాక్ నోరు ఓవర్‌ఫ్లో మట్టానికి దగ్గరగానో, కిందో ఉంటుంది. కొందరు చప్పుడు రాకుండా దానికి ఒక పైపు ముక్క తొడిగి నీళ్ళలో ముంచుతారు. అలాంటప్పుడు అది స్ట్రా అయిపోతుంది. అందుకే వేరే ట్యాంకు అంటున్నాను.

‘500 లీటర్లు ఎలా సరిపోతాయి’ అనుకుంటారేమో. టవర్‌లో తిరిగే నీళ్ళు వేరు, ఆవిరై పోయే నీళ్ళు వేరు. రోజుకి 20 టన్నుల ఐసంటే కంప్రెసర్ మీద 30 నుంచి 35 టన్నుల రిఫ్రిజిరేషన్ లోడు (ఈ టన్ను బరువు కాదు, చల్లబరిచే శక్తికి కొలత). దానికి ఆవిరయ్యేది గంటకి 230 లీటర్ల చుట్టుపక్కల. బ్లో డౌన్‌తో (ఉప్పు పేరుకోకుండా బయటికి వదిలే నీళ్ళతో) కలిపితే 350 అనుకోండి. ఆ ట్యాంకుని టవర్ బేసిన్ కన్నా ఒక మీటరు ఎత్తులో స్టాండు మీద పెడితే పంపు కూడా అక్కర్లేదు, గ్రావిటీతోనే వస్తుంది. కుళాయి గంటే వస్తుందంటే మాత్రం కింద ఒక సంపు కట్టాలి. సంపులోకి కూడా నీళ్ళు పైనుంచే పడాలి, పైపు అడుగు దాకా దించొద్దు.

పంపు చెడితే ఎలా అన్నది న్యాయమైన ప్రశ్నే. స్టాండ్‌బై పంపు పెట్టుకోండి. మునిసిపల్ లైను మీ కండెన్సర్‌ని ఆదుకుంటుందనుకోవడమే భ్రమ. ఆ ప్లాంటుకి నిమిషానికి దాదాపు 400 లీటర్లు తిరగాలి, అరంగుళం కుళాయి కనెక్షన్ ఇచ్చేది ఏ మూలకి? నేను పెట్టిన బైపాస్ రెండేళ్ళలో ఒక్కసారి వాడాం, పది నిమిషాల్లో హెచ్‌పీ కటౌట్ (ప్రెషర్ పెరిగితే కంప్రెసర్‌ని ఆపే స్విచ్చి) కొట్టింది.

నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే ఆర్‌పీజెడ్ అనే పరికరం గురించి కూడా కొందరు అడుగుతారు. రెండు చెక్ వాల్వులు, వాటి మధ్య ఒక రిలీఫ్ వాల్వు. మధ్య గదిలో ప్రెషర్ ఎప్పుడూ సప్లై కన్నా తక్కువ ఉండేలా చూసుకుంటుంది, తేడా వస్తే నీళ్ళని నేల మీదికి వదిలేస్తుంది. మంచి పరికరం. చెడిపోతే కారి చెబుతుంది, ఎన్‌ఆర్‌వీలా నోరు మూసుకుని కూర్చోదు. అమెరికాలో పనిచేసే మనవాళ్ళకి ఇది రోజూ కనిపించేదే, అక్కడ చాలాచోట్ల ఏటా టెస్టు చేయించి ట్యాగు కట్టించుకోవాలి. కానీ మీకు దీన్ని నేను చెప్పను. దాటడానికే సుమారు 10 పీఎస్ఐ తినేస్తుంది. మీకు వచ్చేదే 10. ఇంకా మిగిలేదేమిటి? పైగా దాన్ని నేలకి అడుగు ఎత్తులో పెట్టాలి, గుంటలో పెట్టకూడదు. డెల్టాలో వాన పడితే మీటరు గుంట నిండటం మీకు తెలియనిది కాదు. రిలీఫ్ నోరు నీళ్ళలో మునిగితే అందులోంచే మురికి లోపలికి వెళ్తుంది. ప్రెషర్ బూస్టర్ ఉన్న పెద్ద ఫ్యాక్టరీలకీ, హోటళ్ళకీ అది పనికొస్తుంది. అక్కడ కూడా ఒక మాట గుర్తుంచుకోండి. వెనక్కి వెళ్ళే దారి గట్టిగా మూస్తే, ప్లాంటు ఆగినప్పుడు కండెన్సర్ వేడికి లోపల బంధించిన నీళ్ళు వ్యాకోచించి ప్రెషర్ కడుతుంది. ఒక చిన్న రిలీఫ్ వాల్వు లేకపోతే గాస్కెట్టు పోతుంది.

గార్డెన్ పైపులకి వాడే వాక్యూమ్ బ్రేకర్ లాక్కోవడాన్ని మాత్రమే ఆపుతుంది, నెట్టడాన్ని ఆపదు. పంపు ఉన్న లైను మీద దాని ఊసే వద్దు.

ఇప్పటిదాకా చెప్పింది పైపుల గురించి. నిజానికి నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ వంతు రబ్బరు ట్యూబుల వల్ల వచ్చినవే, వాటిని ఏ డ్రాయింగులోనూ గీయరు.

ఐస్ క్యాన్లు నింపే హోసు. కుర్రాడు క్యాను నింపి, హోసుని అక్కడే వదిలేస్తాడు, అది జారి బ్రైన్ ట్యాంకులో (ఐస్ క్యాన్లు ముంచే చల్లటి ఉప్పు నీళ్ళ ట్యాంకులో) పడుతుంది. కుళాయి ఆగుతుంది, బ్రైన్ పైపులోకి ఎక్కుతుంది. ఉప్పు నీళ్ళే కదా అనుకోకండి. క్యాన్లు తుప్పు పట్టకుండా కొన్ని పాత ప్లాంట్లలో బ్రైన్‌లో డైక్రోమేట్ కలిపేవారు, అది విషం. హోసు కొసని ట్యాంకు చెక్క మూతల పైన ఒక కొక్కేనికి కట్టేయండి, కిందికి అందకూడదు.

ఎయిర్ పర్జ్ చేసే, అంటే సిస్టంలోంచి గాలి బయటికి తీసే డ్రమ్ము. సిస్టంలో గాలి చేరినప్పుడు పర్జ్ వాల్వుకి ట్యూబు తగిలించి డ్రమ్ము నీళ్ళలో ముంచి గ్యాసు వదులుతాం. ఆ డ్రమ్ములోకి ఇంకో వైపు నుంచి కుళాయి హోసు కూడా ముంచి పెడతారు, నీళ్ళు మారుతూ ఉండాలని. కుళాయి ఆగిందంటే ఆ అమోనియా నీళ్ళన్నీ నేరుగా తాగునీటి లైనులోకే. ఇంకో వింత కూడా ఉంది. వాల్వు కట్టగానే ట్యూబులో మిగిలిన అమోనియా నీళ్ళలో కరిగి అక్కడ వాక్యూమ్ అయి, డ్రమ్ములో నీళ్ళు మన పర్జ్ లైను వైపు ఎగబాకుతాయి. కొత్త హెల్పరు అది చూసి బెదిరిపోతాడు. వాల్వు కట్టేముందే ట్యూబుని నీళ్ళలోంచి పైకి తీయాలి.

యాసిడ్ డీస్కేలింగ్, అంటే యాసిడ్‌తో ట్యూబుల్లో స్కేలు కరిగించడం. కండెన్సర్‌కి చిన్న పంపుతో యాసిడ్ తిప్పుతాం. తర్వాత కడగడానికి కుళాయి హోసు అదే టీ జాయింటుకి బిగిస్తాం, యాసిడ్ పంపు ఆపకుండానే. ఒక చోట ఇలాగే జరిగి చేతులు కడుక్కునే కుళాయిలో పుల్లటి వాసన వచ్చింది. డీస్కేలింగ్ రోజు తాగునీటి లైను యూనియన్ (విప్పదీసే పైపు జాయింటు) విప్పేసి పక్కన పెట్టండి, ఎంత చిరాకయినా సరే.

అవతలి కొస కూడా మర్చిపోకండి. టవర్ లేకుండా కుళాయి నీళ్ళు ఒకసారి తిప్పి కాలవలోకి వదిలే చిన్న యూనిట్లు కొన్ని హోటళ్ళలో ఉన్నాయి. ఆ వదిలే పైపుని తీసుకెళ్ళి మురుగు పైపులోకి గట్టిగా దూర్చేస్తారు. సప్లై ఆగినప్పుడు మురుగు కండెన్సర్ గుండా కుళాయి లైనుకి రావడానికి దారి పడుతుంది. అక్కడా నీళ్ళు ఒక గరాటులోకి పైనుంచి పడాలి. 1933లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుండగా పక్కపక్కన ఉన్న రెండు హోటళ్ళలో తాగునీటి పైపులకి మురుగు కలిసే దారులు ఉండటంతో అమీబిక్ విరేచనాలు పాకి 98 మంది పోయారు. అవి డబ్బు లేని హోటళ్ళేమీ కావు.

రూల్సు గురించి కూడా ఒక్క ముక్క. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 తొమ్మిదో భాగం ప్లంబింగ్ గురించే, నీటి సరఫరాకి ఐఎస్ 2065 కూడా ఉంది. తాగునీటి లైనుని వేరే ఏ నీటి లైనుతోనూ కలపకూడదన్నదే రెండింటి మాట. మధ్యలో వాల్వు ఉంది కదా అంటే కలపనట్టు కాదు.

చివరిగా, ఇప్పటికే మీ లైనులోకి ఏమైనా వెళ్ళిందా అన్నది ఇవాళే చూసుకోండి. మునిసిపల్ వైపు మెయిన్ వాల్వు కట్టేసి, కండెన్సర్ పంపు నడుస్తుండగా తాగే కుళాయి తెరవండి. పైపులో మిగిలినవి కారిపోయాక కూడా సన్నగా ధార ఆగకుండా వస్తుంటే అవి మీ టవర్ నీళ్ళే. అనుమానంగా ఉంటే టవర్‌లో కొంచెం తినే రంగు కలిపి మళ్ళీ చూడండి. తర్వాత టవర్ బేసిన్, తాగే కుళాయి, పక్కింటి కుళాయి, మూడు చోట్లా పీహెచ్ పేపరు ముంచండి. క్లోరిన్ టెస్టు కిట్టు దొరికితే అదీ చేయండి. పక్కింట్లో క్లోరిన్ ఉండి మీ దగ్గర లేకపోతే, పీహెచ్ కూడా ఎక్కువ ఉంటే, ట్యూబు లీకు వెతకాల్సిందే. నీళ్ళ వైపు రెండు ఎండ్ కవర్లూ విప్పి, అమోనియా వైపు ప్రెషర్ అలాగే ఉంచి, ఒక్కో ట్యూబు మూతి దగ్గర తడి ఫినాల్ఫ్తలీన్ పేపరు పెట్టండి, లీకున్న చోట గులాబీ రంగు తిరుగుతుంది. మాస్కు లేకుండా ఆ కవర్ విప్పొద్దు. ఒక్కరే ఉన్నప్పుడు అసలు విప్పొద్దు.

ఈ పరీక్షలు తేలేదాకా వర్కర్లకి క్యాన్ నీళ్ళు తెప్పించండి. బేసిన్, బాల్ కాక్, ఓవర్‌ఫ్లో మూడూ కనిపించేలా పక్కనుంచి ఒక ఫొటో పెడితే, కొత్త ట్యాంకు ఎంత ఎత్తులో పెట్టాలో లెక్క వేసి చెప్తాను.